నిడుగల్లు దొర వేషం

బెంగళూరు చిక్కపేట సందులో ఒక ఫోటో స్టూడియో ఉండేది. ముందు గదిలో పెళ్లిచూపుల ఫోటోలు తీసేవారు. వెనక డార్క్‌రూమ్‌లో ఎవరి ఫోటో కడిగారంటే వాడి బతుకు గాలిలో దీపమైనట్టే. ఆ వేసవిలో ఒక సాయంకాలం, ఎర్రబల్బు కింద కూర్చున్న చీఫ్ ఒక ఫోటోను బల్ల మీదికి తోశాడు.

"గుర్తుపట్టావా?"

ఏజెంట్ హనుమంతరాయుడు గుర్తుపట్టకుండా ఎట్లా ఉంటాడు? ఆ మనిషిని డిపార్ట్‌మెంట్‌లోకి తెచ్చిందే అతను. గంగాదేవి. తుమకూరు నాటకాల కంపెనీలో రాణి వేషాలు వేసే మనిషి. కన్ను తిప్పితే ముందు వరస ఖాళీగా ఉండదు. మూడేళ్ల కిందట ఆమెను విదేశీ ముఠా ఒకటి చేరదీయబోతే, చేరమని చెప్పి లోపలికి పంపించింది రాయుడే.

"మన డబుల్ ఏజెంట్ సార్," అన్నాడు.

"డబుల్ సరే. మనదేనా అన్నదే ప్రశ్న." చీఫ్ సిగరెట్ ఆర్పాడు. "ల్యాబ్ నుంచి రాకెట్ వాల్వ్ డ్రాయింగులు పోయాయి. మొత్తం ఒక మైక్రోఫిల్మ్‌లో ఉంది. గోరంత. దాన్ని మోసుకెళ్తున్నది గంగాదేవి. ఆ సంగతి మనకు చెప్పలేదు. అంతకుముందు ఆమె పంపిన కబురు నమ్మి వెళ్లిన మన మనుషులు ఇద్దరు శవాలై వచ్చారు."

రాయుడు ఫోటోను తన వైపు తిప్పుకున్నాడు.

"చేతులు మారే చోటు పావగడ తాలూకా, నిడుగల్లు. ఊళ్లో నాటకం ఆడుతున్నారు. రాణి వేషానికి ఆమెను పిలిపించుకున్నారు. అందుకునేవాడి కోడ్ నేమ్ గద్ద. మనిషెవరో తెలీదు. ఆ తాలూకాకు మూడు దిక్కులా ఆంధ్ర. వాడు జీపెక్కి పొలిమేర దాటాడంటే, ఇక్కడి పోలీసులు అక్కడివాళ్లకు కాగితం రాసి పర్మిషన్ తెచ్చుకునేలోగా ఫిల్మ్ సముద్రం దాటుతుంది."

"నేను చేయాల్సింది?"

"నిన్ను చూడగానే ఆమె సిగ్నల్ ఇస్తే మన మనిషి. ఇవ్వకుండా ఫిల్మ్ అప్పగిస్తే..." చీఫ్ సొరుగులోంచి చిన్న పిస్టల్ తీసి ఫోటో పక్కన పెట్టాడు. "ఇదంతా సీక్రెట్స్ యాక్ట్ కిందికి వస్తుంది. మర్చిపోవద్దు."

యాక్ట్ అన్న మాట చీఫ్ నోట వింటే రాయుడికి జైలు ఊచలు కనిపించేవి. అదే పావగడ తాలూకాలో అతను పుట్టిన రాయచెర్లు వైపు అదే మాటకు అర్థం వేరు. జాతరలో ఎవడైనా మీసం దువ్వి పద్యం ఎత్తుకుంటే, ఏం యాక్టు చేసినాడప్పా అని జనం మురిసిపోయేవారు. వేషం కూడా అంతే. డిపార్ట్‌మెంట్‌లో వేషం అంటే ప్రాణాలు కాపాడేది. చిన్నప్పుడు అమ్మ దగ్గర వేషాలు వేస్తే వీపు విమానం మోత మోగేది. ఆ యాస ఇంకా నాలుక మీద ఉందనే కదా చీఫ్ అతణ్ణి ఎంచుకున్నాడు. పిస్టల్ జేబులో వేసుకుని లేచాడు. తన చేత్తో లోపలికి పంపిన మనిషిని తన చేత్తోనే కాల్చాలేమో అన్న ఆలోచన సందు దాటేదాకా వెంటే వచ్చింది.

డిపార్ట్‌మెంట్ అతనికి ఇచ్చిన వేషం బోరు మోటార్ల మెకానిక్. సంచీలో స్పానర్లు, నడుముకు నశ్యం డబ్బీ. డబ్బీ మూత తిప్పితే అది వైర్‌లెస్. పావగడ బస్టాండులో కాచుకుని ఉన్న మఫ్టీ పోలీసులకు అందులోంచి మాట అందుతుంది. ఏర్పాట్లన్నీ ఘనంగానే ఉన్నాయి. నిడుగల్లులో బస్సు దిగి టీ అంగడి ముందు నిలబడేసరికి మాత్రం గాలి తీసేసినట్టయింది.

"ఏజెంటా?" అని అడిగింది టీ అంగడి వెంకటక్క, గాజు గ్లాసు కడుగుతూ.

రాయుడి చెయ్యి తనకు తెలియకుండానే జేబు మీదికి పోయింది.

"చెనక్కాయల ఏజెంటా అంటాండా. కాయలు కొనేకి వచ్చింటే ఈడ ఏమీ లేవప్పా. మూడేండ్లాయె వాన లేక. మాకుండే ఏజెంటు శివన్నే కాయల్లేక ఈగలు తోలుకుంటాండాడు."

"కాదక్కా, బోరు మోటార్లు బాగు చేస్తా. పార్టులు కూడా తెచ్చినా."

వెంకటక్క అతణ్ణి కింది నుంచి పైదాకా చూసింది. "నీళ్లే లేని బోర్లకు మోటారు బాగు చేసి ఏం పీల్చేకప్పా, మన్నా?"

చిక్కపేట చీకటి గదిలో కూర్చుని కరువు ఊరికి మెకానిక్‌ని పంపిన తెలివికి దండం పెట్టాలి. రాయుడు టీ ఊదుకుంటూ కూర్చున్నాడు. అప్పుడే పక్క బల్ల మీద నుంచి బక్కపలచని పెద్దమనిషి ఒకాయన లేచి వచ్చాడు. హార్మోనియం మేష్ట్రు లక్ష్మీనరసింహ. ఊరివాళ్లకు నాటకం నేర్పేది ఆయనే.

"పార్టు అంటివే, మా తావ కూడా ఒక పార్టు ఖాళీగా ఉండాది. కోట కావలోడు. వాడు బెంగళూరుకు కూలికి పాయె. ఈటె పట్టుకోని నిలబడల్ల. చిత్తం దొరా అనల్ల. అంతే. చేస్తావా?"

రాయుడు ఒప్పుకున్నాడు. స్టేజీ మీద నిలబడితే అందరి చేతులూ కనిపిస్తాయి. అంతకంటే కావలసింది ఏముంది?

నాటకం ఆ ఊరిదే. ఊరి వెనక కొండ మీది కోటను ఏలిన ఒక దొర కథ. కరువు కాలంలో కోట బావి నీళ్లు తరిగిపోతుంటాయి. రాణి శత్రువుకు నీళ్లు చేరవేస్తోందని దొర అనుమానపడి ఆమె మీద కత్తి దూస్తాడు. చివరికి చూస్తే ఆమె దప్పికతో చచ్చేవాళ్లకు పోసి ఉంటుంది. అది తెలిసి దొర కుప్పకూలే పొద్దుకు వాన రావాలని ఊరి మొక్కు. అందుకే ఆ నాటకం రాత్రిపూట ఆడరు. ఆకాశం చూడాలని పట్టపగలు, ఎర్రటి ఎండలో ఆడతారు.

"ఇంగో మాట," అన్నాడు మేష్ట్రు, మొదటి తాలీము నాడే, రిహార్సల్ మొదలయ్యే ముందు. "మొగానికి రంగు పడినంక ఎవురినీ పేరుతో పిలిచేది లేదు. దొరను దొరా అనల్ల, రాణిని రాణెమ్మా అనల్ల. ఆ పొద్దు ఊర్లో ఏ కడవకూ, ఏ చట్టికీ మూత పెట్టకూడదు. సంగటి కూడా మూత లేకుండానే ఉడకల్ల. ప్రతి ఇంటోళ్లూ ఖాళీ బిందెలు తెచ్చి స్టేజీ ముందర నోరు తెరిచి పెడతారు. పైనోడు చూసి సిగ్గు పడల్లని."

దొర వేషం శివన్నది. రెండేళ్ల కిందట ఎక్కడి నుంచో వచ్చి, వేరుశెనగ పండే ఆ ఊళ్లో చెనక్కాయల డిపో పెట్టిన మనిషి. నల్లగా, దిట్టంగా ఉంటాడు. ఊళ్లో ఎవరికి జ్వరం వచ్చినా తన జీపులోనే పావగడ ఆసుపత్రికి తీసుకుపోతాడు. నాటకానికి కావలసిన రాగి బిందె కూడా ఆయనే ఇచ్చాడు. పద్యం ఎత్తుకుంటే మేష్ట్రు కళ్లు మూసుకుని తల ఊపుతాడు. "నటన అంటే అది" అంటాడు. ఆ వెంటనే రాయుడి వైపు తిరుగుతాడు. "నువ్వేందప్పా, చిత్తం దొరా అంటే కరెంటు బిల్లు అడిగినట్టుండాది. నీకు నటన రాదా?"

దేశమంతా తిరిగి సాధువుగా, సేఠుగా, చివరికి గుడ్డి బిచ్చగాడిగా కూడా నమ్మించిన రాయుడు ఆ మాట విని లోపల కుతకుతలాడిపోయాడు. పైకి మాత్రం చేతులు కట్టుకున్నాడు.

గంగాదేవి నాటకానికి ముందు రోజు దిగింది. గుండుమల్లెల దండ, జరీ చీర, చేతిలో చిన్న ట్రంకు పెట్టె. ఆమె బస్సు దిగుతుంటే టీ అంగడిలో మాటలు ఆగిపోయాయి. రాయుడు ఆమెకు ఎదురుగా వెళ్లి పెట్టె అందుకున్నాడు.

వాళ్లిద్దరి మధ్య సిగ్నల్ చిన్నదే. ముక్కుపుడకను ఒక్కసారి తిప్పితే చాలు. నేను నీ మనిషినే అని దానికి అర్థం. రాయుడే నేర్పాడు.

గంగాదేవి అతని కళ్లలోకి చూసింది. చెయ్యి పైకి లేచింది. నుదుటి మీది చెమట తుడుచుకుని దిగిపోయింది.

"పెట్టె జాగ్రత్తప్పా," అంది, ముక్కూ మొహం తెలియని మనిషితో అన్నట్టు. "లోపల రాణి సొమ్ములుండాయి."

ఆ సాయంత్రం తాలీములో ఆమె చూసి నవ్విన ప్రతి మనిషినీ రాయుడు లెక్కకు తీసుకున్నాడు. మేష్ట్రుతో ఏదో గుసగుసలాడింది. రాగం గురించా, ఫిల్మ్ గురించా? శివన్న ఆమెకు సోడా ఇప్పించాడు. మర్యాదా, ఇంకేమైనానా? వెంకటక్క ఆమె జడ ముట్టుకుని చూసింది. ఆ ఊళ్లో ఒక్కో మనిషీ ఒక్కో గద్దలా కనిపించసాగాడు. గంగాదేవి కూడా అతణ్ణి ఊరికే వదల్లేదు. అతను ఎటు కదిలితే ఆమె చూపు అటు కదిలింది. కనిపెట్టేవాణ్ణే కనిపెడుతున్న ఆ చూపు రాయుడికి ఏ మాత్రం నచ్చలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి కొండ కింద బయలులో జనం నిండిపోయారు. స్టేజీ ముందు బిందెలు, కడవలు, తపేలాలు, ఆఖరికి పిల్లల పాలచెంబులు కూడా నోళ్లు తెరుచుకుని వరసగా కూర్చున్నాయి. ఒక్కదానిలో కూడా చుక్క లేదు. శివన్న జీపు మాత్రం బయలు చివర, పొలిమేర దారికి ముఖం పెట్టి నిలబడి ఉంది. రాయుడు దాన్ని చూశాడు. నీడ కోసం అట్లా పెట్టాడేమో అనుకున్నాడు. మళ్లీ చూశాడు. అక్కడ నీడ లేదు.

అనుమానం శివన్న మీదికి మళ్లబోయేలోగా మేష్ట్రు హార్మోనియం పెట్టెలో చెయ్యి పెట్టి ఏదో సర్దడం కనిపించింది. రాయుడి కళ్లు అటు పోయాయి. నశ్యం డబ్బీ తిప్పి పోలీసులను దగ్గరికి రమ్మన్నాడు.

నాటకం చివరి అంకానికి వచ్చింది. గాలి స్తంభించింది. కొండ వెనక నుంచి మబ్బు ఒకటి లేచింది. జనం దాన్ని చూసీ చూడనట్టు కూర్చున్నారు. మూడేళ్లుగా అట్లాంటివి ఎన్నో వచ్చి ముఖం చూపించి పోయాయి. ఆశ పడి పడి వాళ్లకు విసుగు వచ్చేసింది.

రాణి రాగి బిందె చంకన పెట్టుకుని స్టేజీ మధ్యకు వచ్చింది. దాన్ని కింద పెట్టి పసుపు, పూలు, గుప్పెడు చెనక్కాయలు లోపలికి జారవిడిచింది. విత్తనానికి వాన అడిగే పూజ అది. అందరూ చేతులు జోడించారు. రాయుడు ఒక్కడే ఆమె వేళ్లను చూశాడు. గుప్పెడు కాయలు పడ్డాక, కొప్పులోంచి ఇంకో కాయ తీసింది. దాన్ని విడిగా, మెల్లగా వదిలింది.

చెనక్కాయ తొక్కను రెండుగా చీల్చి, లోపల ఫిల్మ్ పెట్టి, బంకతో అతికించడం ముఠాకు అలవాటైన పద్ధతే. రాయుడికి ఇక సందేహం మిగల్లేదు. ఫిల్మ్ బిందెలో పడింది. ముక్కుపుడక తిరగలేదు. గంగాదేవి వాళ్ల మనిషే.

అతని చెయ్యి కావలివాడి అంగీ కిందికి పోయి పిస్టల్ పట్టుకుంది. గుడ్డ చాటునుంచే గురి ఆమె గుండెకు కుదిరింది. మూడేళ్ల కిందట తుమకూరు స్టేజీ వెనక ఆమె అడిగిన ప్రశ్న గుర్తొచ్చింది. ఇదీ వేషమే కదా సార్, మరి రంగు ఎప్పుడు కడుక్కోవాలి? అప్పుడు తను ఏదో నవ్వుతాలుగా చెప్పాడు. ఏం చెప్పాడో ఇప్పుడు గుర్తు రాలేదు. వేలు బిగుసుకుంది.

అప్పుడు చూశాడు. రాణి చెయ్యి కూడా వడ్డాణం కింద ఉంది. అక్కడ గుడ్డ చిన్నగా మొనతేలి ఉంది. ఆ మొన తిన్నగా తన వైపే ఉంది.

"పలుకు రాణీ," అని గర్జించాడు దొర శివన్న, అట్టకత్తి దూసి. "నీళ్లు ఎవరికి పోసితివి?"

జవాబుగా ఆకాశం ఉరిమింది. రాయుడి ముక్కు మీద ఏదో పడింది. బిందె అంచు మీద టప్పుమని మోగింది. ఇంకోటి. ఇంకోటి.

వాన!

ఒక్కసారిగా బయలంతా లేచి నిలబడింది. ఎవరూ పరుగెత్తలేదు. ఎవరూ కొంగు కప్పుకోలేదు. ముసలీ ముతకా, పిల్లా జెల్లా, అందరూ ముఖాలు పైకెత్తి నోళ్లు తెరిచారు. వేషగాళ్ల రంగులు గడ్డాల మీదుగా కారుతున్నాయి. మేష్ట్రు గబుక్కున కండువా తీసి హార్మోనియం మీద కప్పాడు. రాయుడు అటు తిరిగాడు. హార్మోనియం తడిస్తే చెక్క ఉబ్బిపోతుంది, ఎవడైనా కప్పుతాడు. అదేమీ వింత కాదు.

వింత ఇంకోచోట జరిగింది. దొర తన పట్టు శాలువా తీసి రాగి బిందె మూతి మీద వేసి, రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకున్నాడు.

"ఏంది దొరా," అంది ముందు వరసలోంచి వెంకటక్క, తడిసి ముద్దవుతూ. ఆమె గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. "వానకు మూత పెడ్తావా?"

జనం చూపులన్నీ బిందె మీదికి మళ్లాయి. ఇట్లాంటి రోజున, ఇట్లాంటి వానలో ఆ ఊళ్లో పసిపిల్ల కూడా చెంబుకు మూత పెట్టదు. తడిస్తే బంక ఊడిపోయే చెనక్కాయ ఒకటి లోపల ఉందని తెలిసినవాడు తప్ప, ఇంకెవరూ పెట్టరు.

రాయుడి పిస్టల్ గంగాదేవి గుండె మీది నుంచి దొర మీదికి తిరిగింది. సరిగ్గా అదే క్షణంలో వడ్డాణం కింది మొన కూడా తిరిగింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. గంగాదేవి ఎడమ చెయ్యి మెల్లగా పైకి లేచి ముక్కుపుడకను తిప్పింది.

శివన్న ఎంత నటుడైనా ఆ చూపులు తట్టుకోలేకపోయాడు. బిందెను చంకన పెట్టుకుని అంగీలోంచి రివాల్వర్ తీశాడు. "పక్కకు పోండి," అన్నాడు. ఆ గొంతులో నిడుగల్లు యాస లేదు.

జనంలో ఎవడో ఈల వేశాడు. "ఒన్స్ మోర్ దొరా," అని వెనక వరస అరిచింది.

ఆ కేకకు శివన్న ఒక్క రెప్పపాటు తికమకపడ్డాడు. ఆ రెప్పపాటే చాలింది. గంగాదేవి పిస్టల్ పేలింది. రివాల్వర్ ఎగిరి కడవల మధ్య పడింది. శివన్న నెత్తురు కారుతున్న చేత్తోనే, బిందె వదలకుండా స్టేజీ దూకి జీపు వైపు పరుగు తీశాడు. జనం మధ్యకు కాల్చలేక రాయుడు ఈటె విసిరాడు. అది అట్టది, వానకు మెత్తబడి మధ్యలోనే వంగి కూలిపోయింది. శివన్న జీపెక్కి తాళం తిప్పాడు. ఇంజన్ మొదటి మాటుకే పలికింది. పొలిమేర ఎదురుగానే ఉంది.

జీపు మాత్రం కదల్లేదు. మూడేళ్లుగా దుమ్ముగా ఉన్న బయలు మొదటి వానకు జిగట బురదైంది. చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగాయి. రాయుడు అందుకుని అతణ్ణి కిందికి లాగేసరికి, పావగడ పోలీసుల వ్యాను బయలు మొదట్లో ఆగింది.

రాయుడు జీపులోంచి రాగి బిందె తీసుకుని స్టేజీ మీదికి వచ్చాడు. శాలువా పీకేసి, లోపలి నుంచి విడిగా పడిన కాయను వెతికి తీసి చిదిమాడు. లోపల రెండు గింజలు ఉన్నాయి. మామూలు చెనిగ్గింజలు.

"అది కాదు సార్," అంది గంగాదేవి. రంగు కారిపోయి ఆమె ముఖం ఎప్పుడో తుమకూరులో చూసిన ముఖంలా అయింది. కొప్పులోంచి ఇంకో కాయ తీసి అతని అరచేతిలో పెట్టింది. "ఇది అసలుది. వాడికి అసలుది ఇస్తానని ఎట్లనుకున్నారు?"

"మరి సిగ్నల్ ఎందుకివ్వలేదు?"

"మీరే గద్ద మనిషి అనుకున్నా. డిపార్ట్‌మెంట్‌లోనే గద్ద మనిషి ఉన్నాడు, నేను పంపిన కబుర్లు మధ్యలో మారుతున్నాయి, నిడుగల్లులో తెలిసిన మొహం ఎదురొస్తే వాడే అని ఫోన్‌లో చెప్పినారు. తటపటాయించకుండా కాల్చమన్నారు."

"ఎవరు?"

"చీఫ్."

రాయుడు అరచేతిలోని కాయను చూశాడు. ఇద్దరికీ ఒకే కథ, ఒకే పిస్టల్, ఒకరి మీద ఒకరికి ఆర్డరు. ఎవరు మిగిలితే వాళ్లు నిజాయితీపరులని ఆ చీకటి గదిలో చీఫ్ లెక్క వేసుకుని ఉంటాడు. లేదా కబుర్లు మార్చిన చెయ్యి ఆ గదిలోనే ఉందేమో. ఆ రెండో ఆలోచన రాగానే అతను నశ్యం డబ్బీ తీసి వైర్‌లెస్ ఆపేశాడు. చెనక్కాయను తన బొడ్లో దోపుకున్నాడు.

"గంగా, దీన్ని చిక్కపేటకు తీసుకుపోం. నేరుగా ల్యాబ్‌కు పోదాం."

"ఆ మాట మీ నోట వస్తుందనే చూస్తున్నా సార్," అంది ఆమె. వడ్డాణం కింది నుంచి చెయ్యి అప్పుడు గానీ తీయలేదు.

బేడీలతో శివన్నను వ్యాను ఎక్కిస్తుంటే ఊరంతా నిలబడి చూసింది. ముందర కడవలు సగానికి సగం నిండాయి. మేష్ట్రు తడిసిన కండువా పిండుకుంటూ వచ్చి, వ్యాను కనుమరుగయ్యేదాకా దిగులుగా చూశాడు.

"రెండేండ్లు. రెండేండ్లు మా మధ్యనే ఉండి, మా సంగటి తిని, ఒక్కరికీ అనుమానం రాకుండా పార్టు చేసినాడు," అన్నాడు రాయుడితో. "నటన అంటే అది. నువ్వు పోలీసోడివని మాకు మొదటి దినమే తెలుసు గానీ, ఎదురుగా అంటే బాగుండదని ఊరుకుంటిమి."